గర్భసంచి జాయినింగ్ రిపోర్టు

మా ప్రాంతీయ విత్తన సంస్థలో ఏ పని జరిగినా రూలు ప్రకారం జరుగుతుంది. జరగకపోతే అదీ రూలు ప్రకారమే. ఈ విషయంలో మమ్మల్ని వేలెత్తి చూపించే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా, వాడి జనన ధ్రువీకరణ పత్రం మా దగ్గరికి వచ్చినప్పుడు చూసుకుంటాం.

నా పేరు గవర్రాజు. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ళుగా జనాల సెలవు ఫైళ్ళు మోస్తున్నాను. నా పై అధికారి శేషావతారం గారు, పరిపాలనాధికారి. సెలవు నిబంధనల్లో ఆయనంత పండితుడు పక్క జిల్లాల్లో కూడా లేడు. తన పెళ్ళికి సెలవు పెట్టుకుంటూ, ముహూర్తం తెల్లవారుజామున కనుక ఆ రోజు ఆఫీసుకి రావడానికి అభ్యంతరమేమిటని తనకు తనే మెమో ఇచ్చుకున్న మనిషి. సమాధానం తృప్తికరంగా లేదని సెలవు కూడా తిరస్కరించుకున్నారట. పెళ్ళికూతురి మెడలో తాళి కట్టి, పదిన్నరకల్లా వచ్చి సంతకం పెట్టారు.

ఇక సత్యవేణి. మా ఆఫీసులో తెలుగు టైపు వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్ ఆపరేటరు. ముప్ఫై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. భర్త వీరబాబు గౌహతి లైనులో లారీ తోలతాడు. ఇరవై రోజులు రోడ్డు మీద, వారం ఇంట్లో. మూడోసారి నెల తప్పింది. మొగుడూ పెళ్ళాం ఫోన్లో మాట్లాడుకుని వద్దనుకున్నారు. మూడో తారీఖున, అనుమతి ఉన్న నర్సింగు హోములో, చట్టప్రకారం మాత్రలు వేసుకుంది. దాపరికం లేకుండా అదే సంగతి రాసి సెలవుకి దరఖాస్తు పంపింది.

శేషావతారం గారు పొంగిపోయారు. గర్భస్రావానికి నలభై రెండు రోజుల సెలవు ఇవ్వాలని మా నిబంధనల్లో ఉంది. ఆ నిబంధన వాడే అవకాశం ఆయనకి సర్వీసులో మొదటిసారి దొరికింది. "చూశావా గవర్రాజూ, ఈ సంస్థ ఎంత దయామయమైనదో! జనం చదవరు గానీ మన నిబంధనల్లో కన్నతల్లి ఉందయ్యా" అని అరగంటలో మంజూరు చేశారు. ఆ అరగంట చూసి నేను కూడా మురిసిపోయాను. అక్కడే బోల్తా పడ్డాం.

ఐదో తారీఖున మా డిస్పెన్సరీ నుంచి మందు కావాలని ఇండెంటు వచ్చింది. మా డిస్పెన్సరీ డాక్టరు జరీనా గారు. వయసులో చిన్నది, ఓపికలో అంతకంటే చిన్నది. సత్యవేణికి మూడు నెలలకోసారి చేసే గర్భనిరోధక ఇంజక్షన్ ఒకటి ఇవ్వాలని రాశారు. రోజూ వేసుకునే మామూలు మాత్రలు ఇవ్వచ్చుగా అంటారేమో. సత్యవేణికి తలనొప్పి వస్తే ముందు కళ్ళలో మెరుపులు మెరుస్తాయి; అలాంటి వాళ్ళకి ఆ మాత్రలు పనికిరావట. నర్సింగు హోములో ఇంజక్షన్ లేదు. మందుల షాపులో అడిగితే తెప్పించడానికి మూడు వారాలన్నాడు. సర్కారాసుపత్రికి వెళ్తే, 'మీకు మీ డిస్పెన్సరీ ఉందిగా' అని మా కార్డు చూసి వెనక్కి పంపారు. ఇంకో దారి కూడా ఉందనుకోండి, మగాళ్ళు వాడేది. దాని సంగతి వీరబాబు దగ్గర ఎత్తితే లారీ తీసుకుని మళ్ళీ గౌహతి వెళ్ళిపోతానంటాడట.

కాబట్టి ఆ ఇంజక్షన్ మా బీరువాలోనే ఉంది. బీరువా తాళం స్టోర్ కీపరు దగ్గరుంది. తాళం తియ్యమనే ఆర్డరు శేషావతారం గారి కలంలో ఉంది.

ఆయన ఇండెంటు అటూ ఇటూ తిప్పారు. "ఉద్యోగి స్థితి: విధుల్లో, సెలవులో" అన్న చోట డాక్టరమ్మ "సెలవులో" అని టిక్కు పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"సెలవులో ఉన్న డ్రైవరుకి మనం డీజిల్ ఇస్తామా?"

"ఇవ్వమండి."

"సెలవులో ఉన్న వాచ్‌మన్‌కి టార్చిలైటు?"

"ఇవ్వమండి."

"మరి ఈ ఇంజక్షన్ దేనికి? గర్భం రాకుండా. గర్భం ఎక్కడొస్తుంది? గర్భసంచిలో. మనం సెలవు ఎందుకిచ్చాం? ఆ గర్భసంచి నిమిత్తం. అంటే సెలవులో ఉన్నదెవరు? సెలవులో ఉన్నది పనిచెయ్యదు. పనిచెయ్యని దానికి నిరోధం ఏమిటి, గవర్రాజూ? రేపు ఆడిట్ వాడు అడిగితే నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?"

ఆ వాదన ఎంత నున్నగా ఉందంటే, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. నేను ఫైలు మీద రాసేశాను: "సదరు ఉద్యోగిని గర్భసంచి మూడవ తేదీ నుండి నలుబది రెండు దినములు సెలవునందున్నందున, సెలవు కాలమున గర్భధారణ సంభవమునకు ఆస్కారము లేదు. కావున ఇండెంటు తిప్పి పంపవచ్చును." ఆయన "అంగీకరించితిని" అన్నారు. అలా ఒక వాక్యంతో ప్రకృతిని ఆపేశాం.

మర్నాడు జరీనా గారు స్వయంగా వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"శేషావతారం గారూ, ఇది సెలవుల గొడవ కాదండీ. మాత్రలతో గర్భం పోయిందంటే కడుపుకి తాళం పడిందని కాదు. ఎనిమిది, పది రోజులకే మళ్ళీ అండం విడుదల కావచ్చు. చాలామందికి నెల తిరక్కుండానే అవుతుంది. నెలసరి వచ్చాక చూద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం. అసలీ ఇంజక్షన్ మాత్రలు వేసుకున్న రోజే చెయ్యొచ్చు. వాళ్ళాయన ఇరవయ్యో తారీఖున వస్తున్నాడు. పదమూడు దాటిందంటే, నేను చేసినా అతనొచ్చేనాటికి గట్టిగా పనిచేస్తుందని చెప్పలేను."

శేషావతారం గారు శ్రద్ధగా విన్నారు. ఆయన అందరి మాటా శ్రద్ధగానే వింటారు. నిబంధన సంఖ్య చెప్పేదాకా ఎదురుచూస్తారు, అంతే.

"డాక్టరమ్మా, పదో రోజున అండము విడుదల అగునని తమరు సెలవిస్తున్నారు. సెలవు ఎన్ని రోజులు? నలభై రెండు. పదో రోజునే పనిలో దిగితే దాన్నేమంటారు? ముందస్తు అనుమతి లేకుండా విధుల్లో చేరడం. అది క్రమశిక్షణా రాహిత్యం. అలాంటిది జరుగుతుందని తమరికి ముందే తెలిస్తే, అరికట్టవలసిన బాధ్యత తమరిదే."

"అరికట్టడానికే కదండీ ఇంజక్షన్ అడుగుతున్నాను!"

"సెలవులో ఉన్నదాన్ని ఎలా అరికడతారు?"

జరీనా గారు నావైపు చూశారు. నేను పిన్నుల డబ్బాలోకి చూశాను. ఆవిడ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయారు. తలుపు వేసిన శబ్దం మీద నోట్ పెట్టమంటారేమోనని కలం తీశాను గానీ, ఆయన పెద్దమనసు చేసుకున్నారు.

అయితే డాక్టరు నోటి మాటని తోసిపుచ్చారన్న అపవాదు రాకూడదు. అందుకని పదో తారీఖున కమిటీ వేశారు. అధ్యక్షులు మా రీజనల్ మేనేజరు గారు. సభ్యులు శేషావతారం గారు, సాంకేతిక నిపుణులుగా మా మొలకల పరీక్షాధికారి సోమయాజులు గారు. ముగ్గురికీ సగటున యాభై ఏడేళ్ళు. ముగ్గురికీ కలిపి ఐదుగురు సంతానం. అంచేత విషయ పరిజ్ఞానం లేదనడానికి వీల్లేదు. డాక్టరు గారిని పిలిచారు, సభ్యురాలిగా కాదు, సాక్షిగా.

సోమయాజులు గారు తన పరీక్షా పళ్ళెం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. తడిగుడ్డలో వంద వరి గింజలు, ఒక్కటీ మొలకెత్తలేదు.

"ఇవి పోయిన వారం కోసిన విత్తనాలు. కొత్తగా కోసిన విత్తనం నిద్రావస్థలో ఉంటుంది. ఎంత నీళ్ళు పొయ్యండి, ఎంత ఎండ చూపించండి, ఆరు వారాలదాకా కదలదు. ఆరు వారాలు! అంటే నలభై రెండు రోజులు!"

మేనేజరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. శేషావతారం గారి కళ్ళు చెమర్చాయి. ఆయన నిబంధనకి ప్రకృతి వచ్చి సాక్ష్యం చెప్పింది మరి.

"సత్యవేణి వరి కాదండీ" అన్నారు జరీనా గారు.

"జీవమంతా ఒక్కటేనమ్మా" అన్నారు సోమయాజులు గారు, దయగా.

"అయితే ఈ నిద్రావస్థ సంగతి ఆవిడ అండాశయానికి ఎవరు చెబుతారు?"

"సర్క్యులర్ ద్వారా తెలియపరుస్తాం" అన్నారు మేనేజరు గారు.

నవ్వులాట అనుకునేరు. మినిట్సులో నేనే రాశాను. సమావేశం ముగిసేసరికి విషయం ఒక్క సత్యవేణి దగ్గర ఆగలేదు. పథకమైపోయింది. పేరు "మహిళా ఉద్యోగుల సంపూర్ణ గర్భ విశ్రాంతి పథకం". దీని ప్రకారం పదకొండు శాఖల్లోనూ ఏ మహిళా ఉద్యోగికైనా గర్భస్రావం జరిగితే నలభై రెండు రోజులు గర్భసంచికి పూర్తి విశ్రాంతి; ఆ కాలంలో ఏ విధమైన గర్భనిరోధక సామగ్రీ ఇవ్వబడదు; ఇచ్చిన వారిపై చర్య. మహిళల కోసం ఇంత చేసిన సంస్థ ఇంకోటి లేదని మేనేజరు గారు బిస్కెట్లు తెప్పించారు. సర్క్యులర్ చిత్తుప్రతి రాసింది నేను. బాగానే రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ అప్పుడు భాష బాగా కుదిరిందనిపించింది.

పదకొండో తారీఖున సత్యవేణి ఆఫీసుకొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. మెట్లెక్కి వచ్చి, నా బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఏంటండీ గవర్రాజు గారూ, నా కడుపు సెలవులో ఉందంట?"

"అవునమ్మా. ఫైలు నడుస్తోంది."

"నడవనివ్వండి. దానికి కాళ్ళున్నాయి. నాకు రెండ్రోజులే ఉంది. పదమూడు దాటితే ఆయనొచ్చేసరికి ఇది పనిచెయ్యదన్నారు డాక్టరు గారు. ఆయనొచ్చాక మళ్ళీ నెల తప్పితే? మళ్ళీ ఆ మాత్రలు, మళ్ళీ ఆ నొప్పి? ఏం, మీ ఇంట్లో ఆడాళ్ళయితే ఇలాగే నోటు రాస్తారా?"

తీసుకెళ్ళి శేషావతారం గారి ముందు నిలబెట్టాను. ఆయన లేచి నిలబడి మరీ కుర్చీ వేయించారు. మనిషి మర్యాదస్తుడు. ఎవరినీ కసిరి ఎరగడు. కసిరితే తిరిగి కసరచ్చు; ఆ సాయం కూడా చెయ్యడు.

"నీ మేలు కోరే ఈ ఏర్పాటంతానమ్మా."

"మేలు సంగతి తర్వాతండి. ఆ ఇంజక్షన్ నాకు ఇవ్వాలంటే ఏం చెయ్యాలో చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకుని నిబంధనల్లోకి వెళ్ళొచ్చారు. "మార్గం లేకపోలేదు. సెలవును మధ్యలో రద్దు చేసుకోవచ్చును. గర్భసంచి తిరిగి విధుల్లో చేరినట్టు జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి. డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతపరచాలి. చేరిన మరుక్షణం అది విధుల్లో ఉన్నట్టే. అప్పుడు సామగ్రి ఇవ్వడానికి అభ్యంతరం లేదు."

"ఇప్పుడే రాసిస్తానండి."

"అయితే ఒక్క ముక్కమ్మా. సెలవు అవిభాజ్యం. గర్భసంచి విధుల్లో, తక్కిన ఉద్యోగిని సెలవులో ఉండటానికి వీల్లేదు. అది చేరిందంటే నువ్వూ చేరినట్టే. మిగిలిన ముప్ఫై మూడు రోజుల విశ్రాంతీ రద్దవుతుంది. రేపు పదిన్నరకి నీ సీట్లో ఉండాలి."

ఇంకా రక్తం పోతోంది ఆ పిల్లకి. రాత్రుళ్ళు నడుం పట్టేస్తోందని చెప్పింది నాతో. విశ్రాంతి కావాలంటే మళ్ళీ కడుపొచ్చే ప్రమాదం, కడుపు రాకూడదంటే విశ్రాంతి వదులుకోవాలి. రెండూ కావాలని అడగడం మా సంస్థలో అత్యాశ.

"కాగితం ఇవ్వండి" అంది.

ఆ జాయినింగ్ రిపోర్టు నా సర్వీసులో చూసిన వాటిల్లోకెల్లా చిన్నది. "అయ్యా, నా గర్భసంచి పన్నెండవ తేదీ ఉదయం పదిన్నరకు విధుల్లో చేరుతున్నది. దానితోపాటు నేను కూడా. ఇట్లు, సత్యవేణి." శేషావతారం గారు ఒక చోట తప్పు పట్టారు. గర్భసంచి పేరున హోదా వేయలేదట. "కంప్యూటర్ ఆపరేటరు వారి" అని ఆయనే చేర్చారు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయనని జరీనా గారు భీష్మించారు. "ఈ అమ్మాయి ఇంట్లో పడుకోవాలి. నేను అబద్ధం రాయను" అన్నారు. సత్యవేణే బతిమాలుకుంది. "ప్రాణం మీదికేం రాదని మీరే అన్నారుగా మేడం. నొప్పి నేను పడతాను. ఇంకోసారి ఆ మాత్రలు మాత్రం నా వల్ల కాదు" అంది. జరీనా గారు సంతకం పెట్టారు. పెట్టి, వాష్‌బేసిన్ దగ్గరికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

పన్నెండో తారీఖు పదిన్నరకి గర్భసంచి విధుల్లో చేరింది. పది నలభై ఐదుకి ఇండెంటు మంజూరయింది. వారం రోజులు తొక్కిపెట్టిన కాగితం పావుగంటలో తేలిపోయింది. మా సంస్థలో ఆలస్యం అంటే అసమర్థత కాదని, ఇష్టం లేకపోవడమేనని గిట్టనివాళ్ళు అనుకోవడానికి ఇలాంటివే ఊతం. పదకొండింటికి సత్యవేణికి ఇంజక్షన్ పడింది. "ఒక్కరోజు మిగిలింది" అన్నారు జరీనా గారు, గోడమీది క్యాలెండరు చూసి.

పదకొండుంపావుకి సత్యవేణి తన సీట్లో ఉంది. ఆవిడ లేక తొమ్మిది రోజులుగా ఆగిన టైపు పనంతా బల్ల మీద పేరుకుపోయి ఉంది. అన్నిటికన్నా పైన "అతి జరూరు" అని రాసిన కాగితాలు. మహిళా ఉద్యోగుల సంపూర్ణ గర్భ విశ్రాంతి పథకం. తెలుగు టైపు ఇంకెవరికీ రాదు కదా.

పొట్టకి చీర కొంగు గట్టిగా బిగించుకుని, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, ఆ సర్క్యులర్ చదివింది. ఒకసారి నావైపు చూసింది. తర్వాత మధ్యమధ్య ఆగుతూ రెండ్రోజులు టైపు చేసింది.

టైపు చేసిన ప్రతిని చిత్తుతో పోల్చి చూసి పొట్టి సంతకం పెట్టడం నా పని. పద్నాలుగో తారీఖు ఉదయం చూశాను. పేరు, సూచికలు, తేదీ, చివర ప్రతులు పంపవలసిన వారి జాబితా అన్నీ నేను రాసినట్టే ఉన్నాయి. మధ్యలో విషయం మాత్రం నాది కాదు.

"మాత్రలతో గర్భం తీయించుకున్న తర్వాత పది రోజులకే మళ్ళీ గర్భం రావచ్చును. కనుక నెలసరి వచ్చేవరకు ఆగరాదు. గర్భం వద్దనుకునే ఉద్యోగినికి ఏ సాధనం ఎప్పుడు తగునో డాక్టరు నిర్ణయింతురు. ఇంజక్షన్ వంటివి మాత్రలు వేసుకున్న రోజునే ఇవ్వవచ్చును. డాక్టరు చీటీ చాలును, ఆఫీసు అనుమతి అక్కరలేదు. ఇందువలన ఉద్యోగిని విశ్రాంతి సెలవుకు ఎట్టి భంగమూ కలగరాదు. మున్ముందు బిడ్డ కావాలనుకునే వారికి ఈ మాత్రల వలన లోటు లేదు."

తల ఎత్తి చూస్తే, సత్యవేణి నన్నే చూస్తోంది. భయపడుతున్నట్టు లేదు. ఇంక పోయేదేముందన్నట్టు ఉంది.

"పోల్చి చూశారా?" అంది.

"చూశాను. తప్పుల్లేవు" అన్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను పెట్టిన పొట్టి సంతకాల్లో తెలిసి తెలిసి తప్పుగా పెట్టింది అదొక్కటే.

శేషావతారం గారు సర్క్యులర్ని అరగంట పరిశీలించారు. సూచిక సంఖ్యలు ఒక్కొక్కటీ ఫైలుతో సరిచూశారు. ప్రతుల జాబితాలో తెనాలి శాఖ పైన తణుకు శాఖ ఎందుకొచ్చిందని అడిగి, సీనియారిటీ ప్రకారం మార్పించారు. మధ్యలో విషయం జోలికి పోలేదు. అది కమిటీ ఆమోదించింది కదా, మళ్ళీ చదివితే కమిటీని శంకించినట్టవుతుంది. సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే పదకొండు శాఖలకీ వెళ్ళిపోయింది.

రెండు వారాలకి జవాబులు రావడం మొదలైంది. అన్నీ "అందినది, అమలు చేయబడుచున్నది" అని. ఒక్క శాఖ మేనేజరు మాత్రం కాస్త ఉత్సాహపడ్డాడు. "తమ ఉత్తర్వుల మేరకు మా అటెండరు శ్రీమతి చిట్టెమ్మకు మాత్రలు వేసుకున్న నాడే ఇంజక్షన్ ఇప్పించి, సెలవు కూడా మంజూరు చేసితిమి. ఇంతటి ముందుచూపు గల ఉత్తర్వులిచ్చిన తమకు మహిళా సిబ్బంది తరఫున కృతజ్ఞతలు" అని రాశాడు.

శేషావతారం గారు సర్క్యులర్ తెప్పించుకుని మొదటిసారి చదివారు. మొహం రంగు మారింది. నా పొట్టి సంతకం చూశారు, దానికింద తన పొడుగు సంతకం చూశారు. రద్దు చెయ్యాలంటే, చదవకుండా సంతకం పెట్టానని ఫైలు మీద రాయాలి. ఆయన సర్క్యులర్ని జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టేశారు.

"బాగానే రాశానే" అన్నారు చివరికి.

ఇదే అదనని నేను సత్యవేణి తరఫున ఒక నోట్ పెట్టాను. కొత్త ఉత్తర్వు ప్రకారం ఇంజక్షన్‌కీ సెలవుకీ సంబంధం లేదు కనుక, రద్దయిన ఆమె విశ్రాంతిని తిరిగి ఇవ్వవచ్చునని. అప్పటికి వీరబాబు వచ్చాడు, వారం ఉన్నాడు, వెళ్ళాడు. సత్యవేణికి ఆ బెంగ తీరింది. కానీ రోజూ ఆ నడుం నొప్పితోనే బస్సెక్కి వస్తోంది. మధ్యాహ్నం భోజనం మానేసి, రికార్డు గదిలో ఫైళ్ళ మూటల మీద పది నిమిషాలు పడుకుంటోంది. అది చూసి చూడనట్టు ఊరుకోవడం నా వల్ల కాలేదు.

నోట్ రెండు గంటల్లో తిరిగొచ్చింది. "ఉత్తర్వు పద్నాలుగవ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. సదరు ఉద్యోగిని మాత్రలు వాడినది మూడవ తేదీ. వెనుకటి తేదీ నుండి వర్తించదు. తిరస్కరించడమైనది."

తీసుకెళ్ళి సత్యవేణికి చూపించాను. చదువుకుంది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది.

"అంటే గవర్రాజు గారూ, పద్నాలుగో తారీఖుకి ముందు మన సంస్థలో ఆడాళ్ళకి అండాలు పుట్టేవి కావన్నమాట!"

నాకు ఎక్కడో కాలింది. సీటుకి తిరిగొచ్చి ఆ మాటనే మా భాషలోకి మార్చి ఫైలు మీద రాశాను: "పద్నాలుగవ తేదీకి పూర్వము ఈ సంస్థ మహిళా ఉద్యోగినులకు అండము విడుదల అగు సౌకర్యము లేదని భావించవలసియున్నది. ఆదేశముల నిమిత్తం సమర్పించడమైనది." పొట్టి సంతకం పెట్టి లోపలికి పంపాను. ఏమంటారో అననీ అని కూర్చున్నాను.

శేషావతారం గారు దెబ్బతిని ఉన్నారు కదా, ఈసారి అక్షరం అక్షరం చదివారు. ఎర్ర సిరాతో "సౌకర్యము" అన్న మాట కొట్టేసి, "అనుమతి" అని దిద్దారు. కింద "అంగీకరించితిని" అని రాసి సంతకం పెట్టారు.